పట్టాల కింద పట్టా ఎవరిది?

డిసెంబరు వచ్చిందంటే మా కారులో కాళ్ల కింది తివాచీ మీద తెల్లటి చారలు తేలతాయి. న్యూయార్క్ రాష్ట్రానికి పడమటి కొసన, రోచెస్టర్ శివార్లలో ఉంటాం. మంచు పడ్డ రాత్రి రోడ్ల మీద చల్లే ఉప్పు బూట్లకు అంటుకుని కారులోకి, అక్కడి నుంచి ఇంట్లోకి వస్తుంది. గుమ్మం దగ్గర తడిగుడ్డతో ఎంత తుడిచినా మర్నాటికి మళ్లీ అదే చార. నేను కాకినాడ వైపు పుట్టి పెరిగినవాణ్ని. ఉప్పు అంటే నాకు సముద్రం, మడులు, ఎండలో మెరిసే గుట్టలు. ఇక్కడి నుంచి సముద్రం చూడాలంటే ఒక పూట ప్రయాణం. మరి ఇంత ఉప్పు ఎక్కడిదని అడగాలన్న ఆలోచన చాలా ఏళ్ల తర్వాత గానీ రాలేదు.

సమాధానం మా ఇంటికి దక్షిణంగా, గంటలోపు దూరంలో, మొక్కజొన్న చేల కింద వెయ్యి అడుగులకు పైగా లోతున ఉంది. లివింగ్‌స్టన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఉప్పు గని తవ్వినప్పుడు ఆ సరుకు మోయడానికి 14 మైళ్ల రైలుదారి ఒకటి వేశారు. ఆ దారి కథ వెతుకుతూ వెళ్లాను. దాన్ని నడిపిన కంపెనీ ఇప్పుడు ఎవరిదో తెలిశాక కాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. సింగపూర్ ప్రభుత్వపు పెట్టుబడి నిధికి అందులో వాటా ఉంది.

ఆ గని ఊరి పేరు రెట్‌సాఫ్. గని తొలినాటి పెద్దల్లో ఒకరైన విలియం ఫాస్టర్ ఇంటిపేరును ఇంగ్లిషు అక్షరాల్లో వెనకనుంచి ముందుకు చదివితే వచ్చే పేరు అది. ఊరికి తన పేరు ఉండాలన్న కోరికా ఉన్నట్టుంది, కాస్త మొహమాటమూ ఉన్నట్టుంది. గని నుంచి పెద్ద రైలుమార్గాల దాకా ఉప్పు చేర్చే ఆ చిన్న రైల్వే దివాలా తీస్తే 1899లో ఎడ్వర్డ్ ఫుల్లర్ అనే ఆయన కొని, దానికి జెనెసీ అండ్ వయోమింగ్ అని పేరు పెట్టాడు. ఈ వయోమింగ్ పడమటి కొండల్లోని రాష్ట్రం కాదు, మా దగ్గర్లోని ఒక కౌంటీ. ఉప్పు కంపెనీలోనూ ఫుల్లరే పెద్ద. సరుకూ ఆయనదే, బండీ ఆయనదే. కిరాయి అంటే ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకోవడమే. అలా దాదాపు ఎనభై ఏళ్లు ఆ రైల్వే ఉప్పు తప్ప మరో ధ్యాస లేకుండా బతికింది.

1977లో ఎడ్వర్డ్ ఫుల్లర్ మునిమనవడు, ఆయన పేరు మోర్టిమర్ ఫుల్లర్, కంపెనీ పగ్గాలు కొనుక్కున్నాడు. ముత్తాత రైలు కదా, మురిపెంగా చూసుకుంటాడని అనుకుంటాం. ఆయన మురిసిపోలేదు, లెక్కలు వేశాడు. ఒకే గని, ఒకే సరుకు, ఒకే గిరాకీదారు ఉన్న వ్యాపారం దినదినగండమని గ్రహించాడు. పెద్ద రైల్వేలు వద్దనుకున్న కొమ్మదారులను కొనడం మొదలుపెట్టాడు. 1986లో రోచెస్టర్ నుంచి దక్షిణానికి వెళ్లే పాత మార్గం కొని రోచెస్టర్ అండ్ సదర్న్ అన్నాడు. ఆయన భయం ఎంత నిజమో 1994 మార్చి 12న తేలింది. ఆ తెల్లవారుజామున భూమి కంపించింది. 3.6 తీవ్రత అని భూకంప పరికరాలు చెప్పాయి గానీ అది భూకంపం కాదు, రెట్‌సాఫ్ గనిలో పైకప్పు కూలింది. ఆ కంత గుండా భూగర్భజలం లోపలికి దూకింది. పైన పొలాల్లో పెద్ద గోతులు పడ్డాయి, హైవే వంతెన దెబ్బతింది. ఉత్తర అమెరికాలోకెల్లా పెద్దదైన ఆ ఉప్పు గని రెండేళ్లలోపే నిండా మునిగింది. కట్టడి చేయాలని ఎంత ప్రయత్నించినా ఉప్పు గదులు ఒక్కొక్కటే నీళ్లలో కరిగిపోయాయి.

ఫుల్లర్ ఆ పాటికే వేరే దారులు కొని ఉండకపోతే రైల్వే కూడా గనితోపాటే మునిగేది. మునగలేదు సరికదా, 1996లో స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది, మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలో రైల్వే కొంది. 2012లో రైల్‌అమెరికా అనే మరో సంస్థను దాదాపు 139 కోట్ల డాలర్లు పోసి కొనేసింది. ఆ రైల్‌అమెరికాను అంతకు ఐదేళ్ల ముందే ఒక పెట్టుబడి సంస్థ కొని, మళ్లీ మార్కెట్లో పెట్టి ఉంది. సంతలో పశువు ఒకే రోజు మూడు చేతులు మారినట్టు. చివరికి 2019లో కెనడాకు చెందిన పెట్టుబడి సంస్థ బ్రూక్‌ఫీల్డ్, సింగపూర్ నిధి జీఐసీ కలిసి జెనెసీ అండ్ వయోమింగ్‌ను మొత్తంగా కొన్నాయి. అప్పులతో కలిపి 840 కోట్ల డాలర్లు. అప్పటికి దాని కింద 120 రైల్వేలున్నాయి. ఇప్పుడు దాని వాటాలు మార్కెట్లో దొరకవు. నారింజ, నలుపు రంగుల ఇంజన్లు మాత్రం అవే. రోచెస్టర్ అండ్ సదర్న్ మీద, 90ల చివర్లో దగ్గర్లోనే తెరిచిన కొత్త గని ఉప్పు వెళుతూనే ఉంది. మా గుమ్మం మీది చార కూడా అలాగే ఉంది.

ఇలాంటి చిన్న రైల్వేలను ఇక్కడ షార్ట్‌లైన్లు అంటారు. మన దగ్గర రైల్వే అంటే ప్రభుత్వమే కాబట్టి ఆ మాట వినగానే బొమ్మ కళ్లకు కట్టదు. ఊరి చివర కంకర మిల్లు, ధాన్యం గాదెలు, ఒక కాగితం ఫ్యాక్టరీ ఉన్నాయనుకోండి. వాటి దగ్గర నాలుగు వ్యాగన్లు నింపుకుని, పదీ ఇరవై మైళ్లు నిదానంగా నడిచి, పెద్ద రైల్వే యార్డులో అప్పగించి వచ్చే బండి అది. వాన పడితే పట్టాల పక్కన గడ్డి నడుమెత్తు పెరుగుతుంది. ఇంజను డ్రైవరే దిగి పాయింట్లు మార్చుకుంటాడు. దేశం మొత్తం మీద ఇలాంటివి 600 దాకా ఉన్నాయి. వాటి చేతిలో ఉన్న దారి 50 వేల మైళ్లకు కొంచెం తక్కువ, అంటే దేశపు సరుకు రైలుమార్గాల్లో దాదాపు మూడో వంతు. 1980లో వీటి చేతిలో ఉన్నది 8 వేల మైళ్లే.

ఈ పెరుగుదల వెనక కథ చాలాసార్లు చెప్పారు కాబట్టి నేను తొందరగా దాటేస్తాను. 1970లో పెన్ సెంట్రల్ అనే పెద్ద రైల్వే దివాలా తీసింది. ఈశాన్యంలో మిగతావి కూడా ఒకటొకటిగా కూలితే 1976లో ప్రభుత్వం వాటి ముక్కలు ఏరి కాన్‌రైల్ అనే రైల్వే పెట్టింది. 1980లో స్టాగర్స్ చట్టం వచ్చి రేట్ల మీద, దారులు వదిలించుకోవడం మీద ఉన్న కట్టుబాట్లు సడలించింది. పెద్ద రైల్వేలకు కొమ్మలు బరువయ్యాయి, నరికి పారేసే బదులు అమ్మారు. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. ఎక్కువమంది చెప్పనిది 1985 నాటి ముచ్చట. అప్పటిదాకా లైను అమ్మితే ఉద్యోగం పోయినవారికి ఆరేళ్ల దాకా జీతం రక్షణ ఇవ్వాల్సి వచ్చేది. రైల్వే వ్యాపారంలో లేని కొత్త కంపెనీ వచ్చి కొంటే ఆ బాధ్యత అక్కర్లేదని ఆ ఏడాది రైల్వేల మీది ప్రభుత్వ నియంత్రణ సంఘం సులువు దారి తెరిచింది. కొత్త కంపెనీలు వానాకాలపు పుట్టగొడుగుల్లా లేచాయి. షార్ట్‌లైన్ల విజయగాథలో చొరవ, చెమట, గిరాకీదారుడికి మర్యాద అన్నీ నిజమే. ఆ విజయంలో కొంత భాగం, పాత ఉద్యోగుల జీతాల్లోంచి కోసి పెట్టిన ముక్క కూడా. వెర్మాంట్‌లో ఆరు మైళ్ల స్ప్రింగ్‌ఫీల్డ్ టెర్మినల్ అనే బుల్లి రైల్వే ఉండేది. 80ల చివర్లో దాని యజమాని తన పెద్ద రైల్వేలన్నిటినీ ఆ బుల్లిదానికి కౌలుకిచ్చాడు. బుల్లిదాని ఉద్యోగుల ఒప్పందంలో జీతాలు తక్కువ కాబట్టి. తాత ఆస్తి మనవడికి కౌలుకివ్వడం అంటే ఇదే.

కౌలు అన్నాను కదా, ఆ మాట దగ్గర ఆగాలి. మాది గోదావరి జిల్లా. పొలం దున్నేవాడిని చూసి ఇది ఎవరి పొలం అని అడిగితే మా ఊళ్లో నవ్వుతారు. దున్నేవాడు ఒకడు, పాసుపుస్తకం ఇంకొకడిది, ఆ పుస్తకం బ్యాంకులో తాకట్టులో ఉంటుంది, అసలు మనిషి హైదరాబాదులో ఉంటాడు. రైలు విషయంలోనూ ఇంజను మీద రాసిన పేరు చూసి ఇది ఫలానావారిది అనుకోవడం అంత అమాయకత్వమే. మా అబ్బాయికి చిన్నప్పుడు ఒక ఆట నేర్పాను. వ్యాగన్ పక్కన రాసి ఉండే గుర్తు అక్షరాలు ఎక్స్‌తో ముగిస్తే ఆ వ్యాగన్ రైల్వేది కాదు, ప్రైవేటుది. క్రాసింగ్ దగ్గర ఎక్స్‌లు లెక్కపెట్టేవాడు. ట్యాంకర్ వ్యాగన్లు వరసగా వస్తే వాడికి పండగ. ఇంజను ఒకరిది, వ్యాగన్ ఒకరిది, లోపలి సరుకు మరొకరిది. ఇవన్నీ కదిలేవి. కదలనిది ఒకటుంది, పట్టాల కింది నేల. దాని పట్టా ఎవరి పేరున ఉందో వ్యాగన్ మీద రాసి ఉండదు.

నా వాదన ఆ పట్టా గురించే. చిన్న రైల్వే ప్రభుత్వానిదా ప్రైవేటుదా అని కొట్టుకునేవారు ఇక్కడా ఉన్నారు. నాకు ఆ ప్రశ్న మీద ఆసక్తి పోయింది. నేను అడిగేది వేరు: ఈ పట్టాలు పీకి ఇనుముకు అమ్ముకునే హక్కు ఎవరి చేతిలో ఉంది? ఆ హక్కు ఉన్నవాడే అసలు యజమాని, తక్కినవారంతా కౌలుదారులు.

ఒకప్పుడు నేను ఇలా అనుకోలేదు. ఊరివాళ్ల చేతిలో ఉంటే చాలు అనుకునేవాణ్ని. అలా అనుకోవడానికి కారణం కూడా రెట్‌సాఫ్‌కు ఎంతో దూరంలో లేదు. అదే కౌంటీలో లేక్‌విల్ అనే ఊరుంది. 1964లో ఈరీ లాకవానా రైల్వే అక్కడి కొమ్మదారి వదిలించుకుంటుంటే ఊరివాళ్లు కొందరు పూనుకుని కొన్నారు. లివోనియా, ఏవన్ అండ్ లేక్‌విల్ రైల్‌రోడ్ అని మూడూళ్ల పేర్లు కలిపి పెట్టుకున్నారు. మొక్కజొన్న పాకం ట్యాంకర్లు దాని ముఖ్యమైన సరుకు. మొదటిసారి ఆ క్రాసింగ్ దగ్గర కారు ఆపుకుని ఉన్నప్పుడు దూరం నుంచి ఇంజను మోత విని ఒళ్లు జలదరించింది. ఆగి ఆగి కొట్టుకునే ఆ గుండె చప్పుడు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సామర్లకోట స్టేషన్లో రాత్రి రెండింటికి బండి కోసం నిద్రమత్తులో కూర్చుంటే ప్లాట్‌ఫారం సిమెంటు బెంచీలోంచి వెన్నులోకి పాకే మోత. వచ్చింది ఆల్కో ఇంజను. ఇదే న్యూయార్క్ రాష్ట్రంలో స్కెనెక్టడీ ఊళ్లో ఆల్కో కంపెనీ ఉండేది. వాళ్ల నమూనాతోనే వారణాసి కర్మాగారం 1964 నుంచి డబ్ల్యూడీఎం-2 అనే డీజిల్ ఇంజన్లు చేసింది. కాజీపేట, గుత్తి, విజయవాడ షెడ్లలో వేలమంది చేతుల మీదుగా వెళ్లిన ఇంజన్లు అవి. స్కెనెక్టడీలో ఆల్కో 1969లోనే మూతబడింది. పెద్ద రైల్వేలు ఏనాడో తుక్కుకు అమ్మేసిన ఆ ఇంజన్లను లేక్‌విల్ వాళ్లు నూనె రాసి, ముసలి ఎద్దును మేపినట్టు మేపి నడిపించారు. నల్లటి పొగ ఒక్కసారి గుప్పుమని లేచింది. కారు అద్దం దించి ఆ వాసన పీల్చాను. మా ఆవిడ నన్ను ఎలా చూసిందో రాయను.

ఇక్కడికి పడమట ఆర్కేడ్ అనే ఊళ్లో ఇంకా పాత ముచ్చట ఉంది. 1917లో తమ రైల్వే మూతబడబోతుంటే ఊరి జనం తలా ఇంత వేసుకుని వాటాలు కొని ఆర్కేడ్ అండ్ అటికా రైల్‌రోడ్ పెట్టుకున్నారు. అటికా వైపు దారి 1957లో పోయింది గానీ పేరులో అటికా ఉండిపోయింది. ఇప్పటికీ అది వేసవిలో ఆవిరి బండి నడుపుతుంది. మనకూ ఇలాంటి తరహా లేకపోలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా బోర్డులు రైల్వే సెస్సు వసూలు చేసి సొంత మార్గాలు వేయించుకున్న రోజులున్నాయి. తంజావూరు జిల్లా బోర్డు రైల్వే అందులో పేరున్నది.

ఈ కథలు విన్న ఉత్సాహంలో నేను ఊరి యాజమాన్యానికి భక్తుడినయ్యాను. ఆ భక్తి తగ్గించింది ప్రావిడెన్స్ అండ్ వూస్టర్.

రోడ్ ఐలండ్, మసాచుసెట్స్ రాష్ట్రాల మధ్య నడిచే ఈ రైల్వే 1840ల నాటిది. 19వ శతాబ్దం చివర్లో పెద్ద రైల్వే ఒకటి దీన్ని కౌలుకు తీసుకుంది. కౌలు చేతులు మారుతూ మారుతూ పెన్ సెంట్రల్ దగ్గర ఆగింది. పెన్ సెంట్రల్ మునుగుతున్నప్పుడు రాబర్ట్ ఎడర్ అనే యువకుడు, మా కౌలు మాకు వదిలేయండి, మా బండి మేమే నడుపుకుంటాం అని పట్టుబట్టి 1973లో దాన్ని విడిపించాడు. ఎనభై ఏళ్లకు పైగా బండి నడపని రైల్వే కంపెనీ! ఇంకా ఆసక్తికరమైనది దాని ఓట్ల పద్ధతి. మొదటి 50 వాటాల వరకు వాటాకొక ఓటు. ఆ పైన 20 వాటాలకు ఒక్క ఓటు. పాతకాలపు పెద్దలు, డబ్బున్నవాడు వచ్చి ఊరి రైలు ఎత్తుకుపోకుండా అలా రాసుకున్నారు. దాంతో కంపెనీలో 28 శాతం వాటాలున్న పెన్ సెంట్రల్‌కు దక్కింది 3 శాతం ఓట్లు. ఇదేం న్యాయమని పెన్ సెంట్రల్ ధర్మకర్తలు కోర్టుకెక్కారు. 1977లో డెలావేర్ సుప్రీంకోర్టు, ఆ పద్ధతి చెల్లుతుందని తేల్చింది. చదివినప్పుడు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది.

2016లో ఆ రైల్వేను జెనెసీ అండ్ వయోమింగ్ 12 కోట్ల 60 లక్షల డాలర్లకు కొంది. తర్వాత మూడేళ్లకు అదీ సింగపూర్ మూటలోకి వెళ్లింది.

ఎవరూ మోసం చేయలేదు. ఎడర్‌ను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. నలభై ఏళ్లకు పైగా నడిపినవాడు ఏదో ఒకనాడు దిగిపోవాలి కదా. ఊరి మనిషికి వయసు మీద పడుతుంది. పిల్లలు బోస్టన్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉద్యోగాలు చేసుకుంటారు. మంచి ధర వస్తే వద్దనడానికి కారణం ఏముంటుంది? మా ఊళ్లో పొలాలు ఎలా చేతులు మారాయో అచ్చం అలాగే. పెద్ద పెట్టుబడిదారుడి ఎత్తును తట్టుకున్న ఓట్ల పద్ధతి, సొంత మనుషుల అలసటను తట్టుకోలేదు. ఎంత మంచి యజమాని అయినా ఒక తరం వాడే. పట్టాలకు తరాలు కావాలి.

కౌలు దారి కూడా అంత భద్రం కాదు. మోంటానాలో 1987లో బర్లింగ్టన్ నార్తర్న్ తన దారిని మోంటానా రైల్ లింక్‌కు 60 ఏళ్లకు కౌలుకిచ్చింది. నీలం ఇంజన్లు, మంచి పేరు, ఊరూరా అభిమానం. 60లో ఇంకా ఇరవై పైచిలుకు ఏళ్లు ఉండగానే కామందు వచ్చి ఒప్పందం ముగించి దారి వెనక్కి తీసుకున్నాడు. 2024 జనవరి నుంచి అది బీఎన్ఎస్ఎఫ్, అంటే బర్లింగ్టన్ నార్తర్న్ వారసురాలైన కంపెనీది. కౌలుకు ఇచ్చినప్పుడు, అమ్మినప్పుడు కూడా పెద్ద రైల్వేలు రాయించుకునే షరతు ఇంకొకటుంది. నీ వ్యాగన్లు మాకే అప్పగించాలి, పక్కవాడికి ఇస్తే జరిమానా కట్టాలి లేదా కౌలు పెరుగుతుంది. దీన్ని ఇక్కడివాళ్లు కాగితపు గోడ అంటారు. రెండు రైల్వేల పట్టాలు కళ్లముందు కలిసే ఉంటాయి, మధ్య కాగితం అడ్డం. మా లేక్‌విల్ రైలుకు కూడా రోచెస్టర్ దగ్గర ఒక యార్డు దాటితే అవతల ఇంకో రైల్వే ఉండేది. ఆ యార్డు కాన్‌రైల్‌ది. కాన్‌రైల్‌ను రెండు పెద్ద రైల్వేలు పంచుకునే వేళ నియంత్రణ సంఘం దగ్గర మొరపెట్టుకుంటే గానీ ఆ యార్డు దాటే హక్కు రాలేదు.

ఇక నాకు నచ్చిన దారి వెర్మాంట్‌ది. 1961లో రట్లండ్ రైల్వేలో సమ్మె జరిగింది. యాజమాన్యం మొత్తం రైల్వేనే మూసేస్తానంది, అనుమతి తెచ్చుకుని మూసింది. పాలు, పాలరాయి, కలప మీద బతికే రాష్ట్రానికి వెన్నెముక విరిగినట్టయింది. రాష్ట్ర ప్రభుత్వం రైల్వే నడపడానికి ముందుకు రాలేదు. ఆ తెలివి తమకు లేదని వాళ్లకు తెలుసు. పట్టాలు, నేల కొంది, అంతే. 1964 జనవరిలో జే వుల్ఫ్‌సన్ అనే ఆయనకు కౌలుకిచ్చింది. అదే వెర్మాంట్ రైల్వే. లాభనష్టాలు వాళ్లవి, దస్తావేజు రాష్ట్రానిది. ఇప్పుడు రాష్ట్రం చేతిలో 300 మైళ్లకు పైగా దారి ఉంది. 2022 జులైలో ఆ పాత రట్లండ్ దారి మీదుగా బర్లింగ్టన్ ఊరికి ఆమ్‌ట్రాక్ అనే జాతీయ రైలు సంస్థ ప్రయాణికుల బండి వచ్చింది. రట్లండ్ రైల్వే ప్రయాణికుల బండ్లు ఆపేసింది 1953లో. అరవై తొమ్మిదేళ్లు దూరప్రయాణికుల బండి రాకపోయినా పట్టాలు ఉన్నాయి కాబట్టి వచ్చింది.

పట్టాలే లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు, మా అమ్మమ్మ చెప్పింది. ఆమెది రామచంద్రపురం. కాకినాడ నుంచి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి రేవు దాకా 1928లో రైలు వేశారు. 1940లో యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలు ఊడబీకి పట్టుకుపోయారు. అప్పటికి ఆమెకు పదేళ్లు. రైలు ఎక్కిన జ్ఞాపకం కంటే పీకిన జ్ఞాపకమే ఆమెకు గట్టిగా ఉండేది. కూలీలు గడ్డపారలతో స్లీపర్ల మేకులు లాగుతుంటే వచ్చే కీచు చప్పుడు నోటితో చేసి చూపించేది. మాకు నవ్వొచ్చేది. ఎవరైనా అడ్డుకోలేదా అమ్మమ్మా అంటే, ఎవరిదని అడ్డుకుంటారురా, మనదా అనేది. 2004లో ఆ దారి మళ్లీ వేసి రైలుబస్సు నడిపారు. అరవై నాలుగేళ్లు! అమ్మమ్మ ఒక్కసారి ఎక్కింది. బస్సు లాగానే ఉందిరా అని పెదవి విరిచింది.

నా మాటకు అభ్యంతరాలు ఉన్నాయి, అవి తేలికైనవి కావు. మొదటిది, డబ్బు. పాత పట్టాలు తేలికపాటి వ్యాగన్ల కోసం వేసినవి. ఇప్పటి వ్యాగన్ నిండుగా ఉంటే 2 లక్షల 86 వేల పౌన్లు. వంతెనలు, స్లీపర్లు అన్నీ మార్చాలి. పదిమంది ఊరి వాటాదారులు ఆ ఖర్చు ఎక్కడి నుంచి తెస్తారు, సింగపూర్ తెస్తుంది. నిజమే. రెట్‌సాఫ్ గని మునిగినప్పుడు రైల్వేను బతికించింది కూడా ఊరి ప్రేమ కాదు, వేరే ఊళ్లలో ఉన్న వేరే దారుల ఆదాయం. పెద్ద కుటుంబంలో ఒకరికి జబ్బు చేస్తే మిగతావారు చూసుకున్నట్టు. పలచటి పెట్టుబడితో నడిచే రైల్వే ఎంత ప్రమాదమో 2013 జులై 6న కెనడాలోని లాక్ మెగాంటిక్ చెప్పింది. చమురు బండిని ఒంటరి డ్రైవర్ రాత్రికి నిలిపి వెళితే అది వాలులో జారి ఊరి నడిబొడ్డున పేలింది. 47 మంది పోయారు. ఆ రైల్వే బీమా రెండున్నర కోట్ల కెనడా డాలర్లు. నష్టం ముందు అది చిల్లర. పేదరికాన్ని పల్లె సౌందర్యం అనుకునేవారికి ఈ సంగతి గుర్తుండాలి. నాకూ ఉండాలి.

అయినా డబ్బు వాదన ఒక చోట కుంటుతుంది. ఆ డబ్బంతా సింగపూర్ తేవడం లేదు. 2004 నాటి చట్టంతో షార్ట్‌లైన్లు పట్టాల మీద పెట్టే ప్రతి డాలరుకు 40 సెంట్లు (2022 దాకా సగం) పన్నులో మినహాయించుకోవచ్చు, మైలుకు 3,500 డాలర్ల దాకా. గడువు తీరినప్పుడల్లా పొడిగిస్తూ వచ్చిన ఆ రాయితీని 2020 చివర్లో శాశ్వతం చేశారు. దాని మీద రాష్ట్రాల, కేంద్రం గ్రాంట్లు వేరు. నేను దీనికి వ్యతిరేకిని కాను. లారీలకు రోడ్డు మనమే వేస్తున్నప్పుడు రైలుకు పట్టాలు వేయడానికి ఏడవడం ఎందుకు? కానీ పొలానికి బోరు మనం వేయించి, కంచె మనం కట్టించి, పాసుపుస్తకం మాత్రం ఆయన దగ్గర ఉంచితే, రేపు ఆయన ప్లాట్లు చేసి అమ్మినప్పుడు మనం ఎవరితో మాట్లాడాలి? లైను మూసేస్తామన్నప్పుడు కొనుక్కోవడానికి ఊరికి చట్టం అవకాశం ఇస్తుంది. కొద్ది నెలల గడువు, ఇనుమూ నేలా కలిపిన ధర. అప్పటికి గిరాకీ పోయి, స్లీపర్లు కుళ్లి ఉంటాయి. ఇల్లు కాలాక బావి తవ్వడానికి ఇచ్చే అనుమతి అది.

మా రాష్ట్రంలో చాలా కౌంటీలు ఇప్పటికే ఒక పని చేస్తున్నాయి. పరిశ్రమల అభివృద్ధి ఏజెన్సీ అని కౌంటీకి ఒకటి ఉంటుంది. దారి దస్తావేజు ఆ ఏజెన్సీ పేరున పెట్టి, రైల్వేకు కౌలుకు ఇస్తారు. ఆస్తిపన్ను భారం తగ్గించడానికి మొదలైన ఉపాయం ఇది. ఫింగర్ లేక్స్ రైల్వే 1995లో ఇలాగే పుట్టింది, కాన్‌రైల్ నుంచి దారిని కౌంటీలు కొని దానికి ఇచ్చాయి. పన్ను కోసం చేసిన ఈ ఏర్పాటును నేలను కాపాడే ఏర్పాటుగా మార్చాలని నా కోరిక. గ్రాంటు తీసుకున్న ప్రతి మైలు మీదా అమ్మకం వచ్చినప్పుడు కౌంటీకే మొదటి హక్కు ఉండాలి, గిరాకీ బాగున్నప్పుడే, లైను బతికి ఉన్నప్పుడే. ఎవరు నడిపినా నాకు అభ్యంతరం లేదు. బ్రూక్‌ఫీల్డ్ నడపనీ, లేక్‌విల్ వాళ్లు నడపనీ. బాగా నడపకపోతే కౌలుదారును మార్చవచ్చు. పట్టా పోతే మార్చడానికి ఏమీ మిగలదు. మా ఇంటి దగ్గర పాత లీహై వ్యాలీ రైలుదారి మీద ఇప్పుడు సైకిళ్లు తొక్కుతారు. చక్కటి నీడ, నేనూ నడుస్తాను. అక్కడ మళ్లీ బండి రావాలంటే ఎవరి తరం?

కిందటి ఏడాది ఇలాంటి కౌలు పొడిగింపు ఒకదాని మీద బహిరంగ విచారణ ఉందని చిన్న ప్రకటన చూసి వెళ్లాను. మధ్యాహ్నం పూట, పని వేళల్లో పెట్టారు. హాల్లో అరవై కుర్చీలు. వచ్చినవాళ్లం ఐదుగురం. అందులో ఒకాయన పెరట్లో ఈత కొలను అనుమతి కోసం గది పొరపాటున వచ్చాడు, చలిగా ఉందని కూర్చుండిపోయాడు. ద్వారం దగ్గర ఒకావిడ రిజిస్టరు ముందుకు తోసింది. పేరు, ఊరు, ఎవరి తరఫున అని మూడు గళ్లు. నాకు ముందు సంతకం పెట్టినవాళ్లు మూడో గడిలో కంపెనీ పేర్లు రాశారు. నా బూట్ల కింద ఉప్పు కరిగి ఆవిడ తుడిచిన నేల మీద రెండు మరకలు కట్టాయి. ఏం రాయాలో తోచక కలం పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఆవిడ గడియారం చూసింది. క్రాసింగ్ దగ్గర ఆగే మనిషి అని రాసి లోపలికి వెళ్లాను.